పచ్చికలో చక్కెర, గుర్రాలకు లామినైటిస్: అపోహలు - వాస్తవాలు

అపోహ: దాణా ఎక్కువైతేనే లామినైటిస్ (డెక్క లోపలి పొరలు దెబ్బతినే జబ్బు) వస్తుంది. గడ్డితో భయం లేదు.

వాస్తవం: గింజలు ఒక్కసారిగా మెక్కితే వచ్చేది ఒక రకం. మేతకు వదిలే గుర్రాల్లో ఎక్కువగా కనిపించేది ఇన్సులిన్ వల్ల వచ్చే రకం. కొన్ని గుర్రాల్లో, అందులోనూ మెడ మీద కొవ్వు గట్టిపడిన పోనీల్లో (పొట్టి జాతి గుర్రాల్లో), గడ్డిలోని చక్కెరకు ఇన్సులిన్ అవసరానికి మించి పెరుగుతుంది. అది రెండు మూడు రోజులు దిగకుండా ఉన్నా చాలు, డెక్కలో ఎముకను పట్టి ఉంచే పొరలు సాగిపోతాయి. పక్కనే అదే గడ్డి మేసే మరో గుర్రానికి ఏమీ కాకపోవచ్చు.

అపోహ: పొట్టి గడ్డిలో ఏముంటుంది?

వాస్తవం: చలిప్రాంతపు గడ్డిజాతులు చక్కెరను ఫ్రక్టాన్ అనే నిల్వ రూపంలోకి మార్చి కాడ మొదట్లో దాచుకుంటాయి. నేల బారుగా కొరికే గుర్రానికి అందేది సరిగ్గా ఆ భాగమే.

అపోహ: తెల్లవారుజామున మేపితే ఎప్పుడూ క్షేమమే.

వాస్తవం: మామూలు రోజుల్లో నిజమే. పగలు ఎండకు తయారైన చక్కెర సాయంత్రానికి బాగా పెరుగుతుంది, రాత్రి ఎదుగుదలకు ఖర్చవుతుంది. కానీ రాత్రి చలి 5 డిగ్రీల కంటే దిగితే గడ్డి ఎదగదు, చక్కెర అలాగే మిగిలిపోతుంది. గడ్డకట్టే రాత్రి తర్వాత ఎండ కాసే ఉదయం చాలా ప్రమాదకరం. అలాంటి రోజు అసలు వదలకండి.

అపోహ: మూడు గంటలే వదిలితే సరిపోతుంది.

వాస్తవం: పోనీలు వేళ కనిపెట్టి ఆబగా మేస్తాయి. ఆ మూడు గంటల్లోనే రోజు మేతలో దాదాపు 40 శాతం లాగించేయగలవు. వేళ తగ్గించడం కంటే మూతికి చిక్కం కట్టడం మేలు. చిక్కంతో నీళ్లు తాగగలుగుతోందో లేదో దగ్గరుండి చూడండి, రోజులో కొంతసేపు విప్పండి.

అపోహ: ఎండుగడ్డిలో చక్కెర ఉండదు.

వాస్తవం: ఎండినంత మాత్రాన చక్కెర పోదు. పరీక్ష చేయిస్తే చక్కెర, పిండి, ఫ్రక్టాన్ కలిపి 10-12 శాతం లోపు ఉండాలి. లేదంటే తూచి, చన్నీళ్లలో గంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి. ఎంత చక్కెర పోతుందన్నది గడ్డిని బట్టి మారుతుంది కాబట్టి నానబెట్టడం పరీక్షకు బదులు కాదు. బరువు తగ్గించాలని పస్తు పెట్టడం మాత్రం పోనీలకు, గాడిదలకు ప్రాణాంతకం. ఒంట్లోని కొవ్వు రక్తంలోకి పొంగుతుంది. తేమ తీసేసి చూస్తే శరీర బరువులో 1.5 శాతం మేత, అంటే 300 కిలోల పోనీకి 4.5 కిలోలు, రోజూ పడాలి.

అపోహ: కుంటితేనే జబ్బు.

వాస్తవం: డెక్క మీది గీతలు ముందువైపు దగ్గరగా, మడమ వైపు ఎడంగా ఉంటే జబ్బు ఇంతకుముందే తాకి ఉండొచ్చు. పాదానికి పైన, కీలు వెనక పక్కల వేలు ఆనించి రోజూ నాడి చూడండి. మామూలుగా అది అందీ అందనట్టు ఉంటుంది. నాడి బలంగా కొట్టుకుంటూ, గుర్రం మలుపులో తడబడుతుంటే వెంటనే పచ్చిక ఆపి, కాళ్ల కింద మెత్తగా పరిచి, పశువైద్యుణ్ని పిలవండి. నడిపించి చూడొద్దు.