వలసతో సంస్కృతి ఎలా మారుతుంది: తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

వలస సమూహాల పండుగలు, పాటలు, తిండి మీద పని చేసేవాళ్లకు ఎక్కడికి వెళ్లినా అవే ప్రశ్నలు ఎదురవుతాయి. "మారిషస్‌లో మన సంస్కృతి అచ్చం అలాగే ఉందటగా?" "అమెరికా వెళ్లిన పిల్లలు అన్నీ మరిచిపోతారు కదా?" రెండు ప్రశ్నల్లోనూ జవాబు ముందే పెట్టుకుని అడుగుతారు, అదీ తప్పు జవాబు. ఎంత మిగిలింది, ఎంత పోయింది అని లెక్క కట్టే ముందు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఎవరు వెళ్లారు? ఏ షరతుల మీద వెళ్లారు? కుటుంబంతోనా, ఒంటరిగానా? తిరిగి వచ్చే దారి ఉందా? మిగతా కథ చాలావరకు వీటిని బట్టే నడుస్తుంది.

అపోహ: వలస వెళ్లినవాళ్లు తమ సంస్కృతి మొత్తాన్ని వెంట తీసుకుపోతారు

మొత్తం సంస్కృతి ఏ ఒక్కరి దగ్గరా ఉండదు. ఒక్కో కులానికి, వృత్తికి, ఊరికి దక్కే వాటా వేరు. వెళ్లినవాళ్ల వాటా మాత్రమే ఓడ ఎక్కుతుంది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల యజమానులకు పనివాళ్లు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ భారతీయ ఒప్పంద కూలీలతో మారిషస్‌లోని పోర్ట్ లూయీ చేరింది. తర్వాతి ఎనిమిది, తొమ్మిది దశాబ్దాల్లో దాదాపు అయిదు లక్షల మంది అదే దారిన వెళ్లారు. వారిలో తెలుగువాళ్లు కోరంగి, మద్రాసు రేవుల మీదుగా వెళ్లారు. 1843 నాటి 'కోరింగా ప్యాకెట్' ఓడ అక్కడి తెలుగువారి చరిత్రలో ప్రసిద్ధం. వాళ్లలో ఎక్కువ మంది పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లినవాళ్లే. అందుకే మారిషస్ తెలుగువారి ఇళ్లలో ఇప్పటికీ కనబడేవి సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనం. రామభజనంలో ఎత్తయిన దీపాన్ని మధ్యలో నిలిపి, దాని చుట్టూ అడుగులు వేస్తూ నామం పాడతారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో భజన చూసినవాళ్లకు ఆ తీరు కొత్తగా అనిపించదు. వెళ్లినవాళ్లలో ఎందరిది ఏ వైపో అప్పన్న పేరే చెబుతుంది.

అమెరికా తీరు వేరు. 1965లో అక్కడి వలస చట్టం మారాక తలుపు తెరుచుకున్నది ప్రధానంగా డాక్టర్లకు, ఇంజినీర్లకు, పై చదువుల వాళ్లకు. వాళ్లతో వెళ్లినవి కూచిపూడి తరగతులు, అన్నమయ్య కీర్తనలు, తిథి ఏ రోజున పడినా శనివారానికి జరిపి స్కూలు ఆడిటోరియంలో చేసుకునే ఉగాది. బతుకమ్మ, బోనాలు అక్కడ పెద్ద ఎత్తున కనబడటం ఎక్కువగా తెలంగాణ ఉద్యమ కాలం నుంచే. అంటే ఎవరు వెళ్లారన్నదే కాదు, వెళ్లేనాటికి ఇంటి దగ్గర దేనికి గౌరవం పెరిగిందన్నదీ లెక్కలోకి వస్తుంది. అప్పన్న పూజా తెలుగు సంస్కృతే, కూచిపూడీ తెలుగు సంస్కృతే. ఒకదాన్ని అసలు అనీ, ఇంకోదాన్ని నకలు అనీ తీర్పు చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది.

అపోహ: ఎంత ఎక్కువ మంది వెళితే అంత గట్టి ముద్ర పడుతుంది

అలాగైతే బర్మా (నేటి మయన్మార్)లోని రంగూన్ ఈపాటికి సగం తెలుగు ఊరై ఉండాలి. 1931 జనగణన నాటికి ఆ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో సరుకు దించే పనిలో తెలుగువాళ్లదే పెద్ద చెయ్యి. 1930 మే నెలలో తెలుగు కూలీలకు, బర్మా కూలీలకు మధ్య జరిగిన ఘర్షణలు చరిత్రకెక్కాయి. కానీ వీళ్లు మేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకుని ఒంటరిగా వెళ్లినవాళ్లు. కొంతకాలం పని చేసి, అప్పు తీర్చి, ఊరికి తిరిగి రావడమే వాళ్ల ఆలోచన. ఆపైన 1942లో జపాను దాడి. లక్షల మంది కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. 1962లో సైనిక పాలన మొదలయ్యాక వ్యాపారాలు జాతీయం చేయడంతో మరికొన్ని లక్షల మంది వచ్చేశారు. చివరికి ముద్ర ఎదురు దిక్కున పడింది. చెన్నై బర్మా బజారు దగ్గర సాయంత్రం బళ్ల మీద నూడుల్స్‌లో క్యాబేజీ, వేయించిన ఉల్లి, చింతపండు రసం, కారం వేసి చేత్తో కలిపి ఇచ్చే 'అథో', పక్కన గిన్నెలో అరటి దవ్వ సూపు, బర్మా నుంచి తిరిగి వచ్చినవాళ్లు తెచ్చినవే.

ఇప్పుడు మడగాస్కర్ చూడండి. ఆఫ్రికా తీరానికి ఆ ద్వీపం దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి మలగాసీ భాషకు దగ్గరి చుట్టాలు మాత్రం ఏడు వేల కిలోమీటర్లకు పైగా అవతల, బోర్నియో ద్వీపంలోని బారితో నదీ ప్రాంతంలో ఉన్నాయి. ఆ తొలి సమూహంలో ఆగ్నేయాసియా నుంచి వచ్చిన స్త్రీలు దాదాపు 30 మంది ఉండవచ్చని జన్యు అధ్యయనం అంచనా. తర్వాత ఆఫ్రికా నుంచి ఎందరో వచ్చి కలిశారు, నేటి జనాభా రక్తంలో వాళ్ల వాటా పెద్దదే. అయినా భాష ఆ తొలి సమూహానిదే నిలిచింది. ముందు వచ్చారు, స్త్రీలతో వచ్చారు, పిల్లల్ని అక్కడే కన్నారు. రంగూన్‌లో మన రేవు కూలీలకు ఈ మూడూ లేవు.

అపోహ: వలస ఈ కాలపు తెగులు, పూర్వం ఎవరి ఊళ్లో వాళ్లు ఉండేవారు

మధ్యప్రదేశ్‌లోని మందసోర్‌లో దొరికిన అయిదో శతాబ్దపు సంస్కృత శాసనం ఒకటి ఉంది. వత్సభట్టి అనే కవి రాసింది. దక్షిణ గుజరాత్‌లోని లాట దేశం నుంచి పట్టు నేతగాళ్ల శ్రేణి ఒకటి అప్పట్లో దశపురం అనే ఆ ఊరికి తరలి వచ్చింది. వచ్చాక కొందరు మగ్గం వదలలేదు. కొందరు విలువిద్యలోకి, కొందరు జ్యోతిషంలోకి, ఇంకొందరు కథలు చెప్పడంలోకి వెళ్లారు. సొంత డబ్బుతో సూర్యుడికి గుడి కట్టారు, దెబ్బతిన్నాక 473 ప్రాంతంలో బాగు చేయించారు. శాసనంలో సరుకు ప్రచారమూ ఉంది: ఎంత అందగత్తె అయినా, హారం వేసుకుని తాంబూలం, పూలు సిద్ధం చేసుకున్నా, పట్టుబట్టలు కట్టనిదే ప్రియుడి దగ్గరికి వెళ్లదట! ఊరు మారడం, తర్వాతి తరం కులవృత్తి వదిలేయడం, సంపాదన చేతికందగానే గుడి కట్టడం; పదిహేను వందల ఏళ్ల కిందటి ఈ వరుస మన ప్రవాస సంఘాల చరిత్రలా లేదూ?

అపోహ: సముద్రం దాటితే కులం పోతుంది

ఫిజీలో చాలావరకు సడలింది, నిజమే. 1879 నుంచి 1916 వరకు అక్కడికి వెళ్లిన ఒప్పంద కూలీలు అరవై వేల మంది. నూరుగురు మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండాలన్నది ప్రభుత్వ నిబంధన. ఆ లెక్కన కులంలోనే సంబంధం చూసుకుంటానంటే ఎందరికి కుదురుతుంది? ఓడలో వంట ఒక్కటే, తోటలో పని పంచేది దొర, పడుకునేది వరుస గదుల్లో. ఓడలో కలిసి వచ్చినవాళ్లు 'జహాజీ భాయి' వరుసతో అన్నదమ్ములయ్యారు.

అదే సముద్రాన్ని విమానంలో దాటినవాళ్ల సంగతి వేరు. కుటుంబంతో వెళ్లారు, ఊరితో రోజూ ఫోను, పెళ్లి సంబంధాలకు వెబ్‌సైట్లు. సియాటిల్ నగర పాలక మండలి 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించవలసి వచ్చింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన అలాంటి బిల్లును గవర్నరు అక్టోబరులో వీటో చేశారు. కులాన్ని కరిగించింది ఉప్పునీళ్లు కాదు.

అపోహ: మనం పోగొట్టుకున్నది వలస వెళ్లినవాళ్ల దగ్గర చెక్కుచెదరకుండా ఉంటుంది

దీనికి ఎక్కువగా చూపించే సాక్ష్యం తంజావూరు దగ్గరి మెలట్టూరు. తంజావూరును ఏలిన అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలు 510కి అక్కడ ఇళ్లూ భూములూ ఇచ్చాడని స్థానిక చరిత్ర. ఏటా నృసింహ జయంతికి ఆ ఊరి గుడి ముందు భాగవత మేళ అనే నృత్యనాటకం ఆడతారు. వేషాలన్నీ మగవాళ్లవే, పాటలన్నీ తెలుగులో. 'ప్రహ్లాద చరిత్రము' రాత్రంతా నడుస్తుంది. నరసింహుడి ముఖపు తొడుగును పూజలో ఉంచుతారు, అది ధరించేవాడు ఉపవాసం ఉంటాడు. తెల్లవారుజామున స్తంభం చీలి స్వామి బయటికి వచ్చే ఘట్టంలో, ఆవేశంతో ముందుకు దూకే ఆ వేషధారిని చుట్టూ ఉన్నవాళ్లు పట్టి ఆపవలసి వస్తుంది. చూసి వచ్చిన తెలుగువాళ్లు పులకించిపోయి "అసలైనది ఇక్కడే మిగిలింది" అంటారు.

పులకింతకు నేను అడ్డు చెప్పను. "అసలైనది" అన్నదానికే అడ్డు. ఆ నాటకం రాసిన మెలట్టూరు వెంకటరామ శాస్త్రి త్యాగరాజు కంటే కాస్త ముందుతరం వాడు. అంటే వలస జరిగిన దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత, కావేరి గడ్డ మీదే పుట్టిన రచన అది. మొదట రంగం మీదికి వచ్చే కోణంగి తమిళ దేశపు హాస్యగాడు. సంగీతం తంజావూరు కర్ణాటక సంగీతం. పాత్రధారులు చాలామంది ఇంట్లో మాట్లాడేది తమిళం, తెలుగు పంక్తులు కంఠతా పట్టినవి. పైగా ఇరవయ్యో శతాబ్దంలో కుంటుపడిన ప్రదర్శనలను మద్రాసు కళాభిమాని ఇ. కృష్ణయ్యర్ వంటివారి ప్రోత్సాహంతో మళ్లీ నిలబెట్టారు.

మరి ఇంటి దగ్గర ఉన్న కూచిపూడి? అదీ మగవాళ్లు రాత్రంతా ఆడే కళే. ఇప్పుడు ఎక్కువగా ఆడపిల్లలు నేర్చుకునే, ఒక్కరే గంటన్నర ఆడగలిగే నృత్యమైంది. ఆ మార్పులో పెద్ద భాగం జరిగింది మద్రాసులో, కూచిపూడి నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ వెంపటి చిన సత్యం వంటి గురువుల చేతుల్లో. కదిలినవాళ్లూ మారారు, కదలనివాళ్లూ మారారు, చెరో దారిలో.

అపోహ: వస్తువు చేరిందంటే మనుషులూ చేరినట్టే

ఒక్కోసారి అవును, ఒక్కోసారి కాదు. సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందట ఐరోపాలో గంట ఆకారపు మట్టి పాత్రల పద్ధతి విస్తరించింది. 2018లో వెలువడిన ప్రాచీన జన్యు అధ్యయనం ప్రకారం అది బ్రిటన్‌కు చేరిన కొన్ని శతాబ్దాల్లో అక్కడి జన్యు వారసత్వంలో దాదాపు 90 శాతం మారిపోయింది. ఐబీరియాకూ మధ్య ఐరోపాకూ మధ్య మాత్రం పద్ధతి పాకిందే గానీ మనుషుల రాకపోకలు పెద్దగా లేవు. మన గుంటూరు మిర్చి సంగతీ అంతే. మిరప మెక్సికో ప్రాంతానిది, తెచ్చింది పోర్చుగీసు వర్తకం, అక్కడి రైతెవరూ ఇక్కడికి వలస రాలేదు. దీనికి తలకిందులుగా, పసిఫిక్ ద్వీపాలకు కుండలతో సహా వెళ్లిన లపీటా ప్రజల వారసులు సమోవా, టోంగాల్లో కుండలు చేయడమే మానేశారు.

అపోహ: భాష పోతే అన్నీ పోయినట్టే

మారిషస్ తెలుగువారు చాలామంది ఇంట్లో మాట్లాడేది క్రియోల్. తెలుగు బడిలో నేర్చుకునే భాష. అయినా అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. ఫిజీ తెలుగువాళ్లు ఫిజీ హిందీ మాట్లాడుతూనే 1941లో దక్షిణాది సంఘం నుంచి విడిపోయి వేరుగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. గుర్తింపు భాషను దాటి బతకగలదు. కాకపోతే దానికో ధర ఉంది: పాత పాట కంఠస్థమై మిగులుతుంది, కొత్త పాట కట్టేవాళ్లు ఉండరు. భజన వినిపిస్తున్నంత మాత్రాన నష్టం లేదనుకునేవాళ్లు ఈ తేడా గమనించరు.

అపోహ: వలస వచ్చినవాళ్లే మారాలి, ఉన్నవాళ్లు మారరు

హైదరాబాదులో ఉంటూ ఈ మాట అనేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. బోనాల ఊరేగింపులో, గణపతి నిమజ్జనంలో, పెళ్లి బారాత్‌లో మోగే మర్ఫా వాద్యం నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బుల వారసులది. మనం గర్వంగా చెప్పుకునే ఇరానీ చాయ్ ఇరాన్‌లో దొరకదు. అక్కడ డికాక్షన్‌ను పాలు లేకుండా, చక్కెర పలుకు నోట్లో పెట్టుకుని తాగుతారు. యజ్ద్ వంటి చోట్ల నుంచి ముంబై మీదుగా వచ్చి హోటళ్లు పెట్టినవాళ్లు ఇక్కడి నాలుకకు తగ్గట్టు చిక్కటి పాలు కలిపారు.

తిండి చరిత్రలో తొందరపాటు తీర్పులు మరీ ఎక్కువ. "హలీం అరబ్బులు తెచ్చారు" అని తేల్చేస్తారు. అక్బరు కాలపు 'ఐనీ అక్బరీ' వంటకాల పట్టికలోనే హలీం, హరీసా (హరీస్) రెండూ ఉన్నాయి. హైదరాబాదులోని బర్కాస్ పేట అరబ్బు కుటుంబాలు వండే హరీస్‌లో గోధుమ, మాంసం, ఉప్పు, నెయ్యి. మసాలా అంతంత మాత్రం. రంజాన్ నెలలో మట్టి భట్టీల మీద డేగిశాలు ఎక్కించి, ఇద్దరు నిలబడి గోట్నీలనే చెక్క రోకళ్లతో గంటల తరబడి దంచే హైదరాబాదీ హలీంలో పప్పులు, మసాలాలు, పైన వేయించిన ఉల్లి, పుదీనా, నిమ్మరసం. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ రెండో దానికి.

మండి సంగతి ఇంకా వేరు. 1948లో హైదరాబాదు భారతదేశంలో విలీనమయ్యాక అరబ్బు సైనికుల కొలువులు పోయాయి. చమురు డబ్బు పొంగిన రోజుల్లో వాళ్ల పిల్లలు గల్ఫ్ బాట పట్టారు. పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినే ఆ మాంసపు అన్నం ఆ రాకపోకల వెంట బర్కాస్ హోటళ్లకు చేరింది, గత రెండు దశాబ్దాల్లో విజయవాడ, కరీంనగర్ దాకా పాకింది. హరీస్ సైనికులతో వచ్చింది, మండి వాళ్ల మనవల పాస్‌పోర్టులతో వచ్చింది. దయచేసి రెండింటినీ కలిపి 'నిజాం కాలపు వంటలు' అన్న ఖాతాలో వేయకండి.