ఫోన్ ఎంతసేపు అన్న తగువు వెనుక 2003 నాటి ప్రయోగం

చిన్నపిల్లలకు ఫోన్ ఎంతసేపు ఇవ్వొచ్చన్న వాదన మళ్లీ రాజుకుంది. గంట చాలని కొందరు, అసలే వద్దని కొందరు, చదువు నేర్పే యాప్ అయితే ఫర్వాలేదని ఇంకొందరు. టీవీ రోజుల నాటి చర్చ అందరికీ తెలిసిందే. మలుపు తిరిగింది 2003లో.

ఆ ఏడాది అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ బృందం, ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని 9 నెలల పిల్లలకు చైనా భాష మాండరిన్ వినిపించింది. కొందరికి మనుషులే ఎదురుగా కూర్చుని, పుస్తకాలు చదువుతూ, బొమ్మలతో ఆడిస్తూ మాట్లాడారు. మరికొందరికి అవే మాటలు వీడియోలో వినిపించారు. 12 విడతలయ్యాక పరీక్షిస్తే, మనుషులతో గడిపిన పిల్లలు మాండరిన్ ధ్వనుల్లో తేడా పట్టగలిగారు. వీడియో చూసినవాళ్లు ఏమీ నేర్చుకోలేదు. స్క్రీన్ మీద మాటలున్నాయి. పిల్ల చూపు ఎటు పోతోందో గమనించి, దానికి తగ్గట్టు పలికే మనిషే లేరు. నా దృష్టిలో మిగతా కథంతా దీని చుట్టూనే తిరిగింది.

2007లో అదే విశ్వవిద్యాలయంలో మరో అధ్యయనం, శిశువుల వీడియోలు ఎక్కువగా చూసే 8-16 నెలల పిల్లలకు తక్కువ మాటలు తెలుస్తున్నాయని చెప్పింది. అలాంటి వీడియోలమ్మే డిస్నీ దాన్ని గట్టిగా ఖండించింది. 2009లో, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది.

రెండేళ్లలోపు పిల్లలకు టీవీయే వద్దని 1999లో చెప్పిన అమెరికా పిల్లల వైద్యుల సంఘం, 2016లో సూచనలు మార్చింది. 18 నెలల్లోపు స్క్రీన్ వద్దు, వీడియో కాల్ తప్ప. ఆ మినహాయింపు చాలా ముఖ్యం. కాల్‌లో అవతలి మనిషి బదులిస్తారు. రెండేళ్ల పిల్లలు అలా కొత్త మాటలు నేర్చుకోగలరని 2014లోనే మరో ప్రయోగం చూపించింది.

ఈ అధ్యయనాల్లో చాలావాటిలో కనిపించేది రెండు విషయాలు కలిసి ఉండటమే, ఒకటి రెండోదానికి కారణమని కాదని విమర్శకులంటారు. న్యాయమైన అభ్యంతరమే. అయితే 2003లో ఏ పిల్లకు ఏది వినిపించాలో నిర్ణయించింది పరిశోధకులు, తల్లిదండ్రులు కాదు. పైగా 2024లో ఆస్ట్రేలియాలో 220 కుటుంబాల ఇళ్లలో మాటలు రికార్డు చేస్తే, మూడేళ్ల పిల్లలు స్క్రీన్ చూసే ఒక్కో అదనపు నిమిషానికీ పెద్దవాళ్ల మాటలు సుమారు 7 తగ్గాయి.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దంది. కూర్చున్న వేళ పెద్దవాళ్లు కథలు చెప్పాలని, చదివి వినిపించాలని కూడా ఆ పత్రంలోనే ఉంది. వాదనల్లోకి ఎక్కింది మాత్రం ఆ గంట ఒక్కటే.