వేడి ప్రదేశాల్లో క్యాంపస్: అపోహలు - వాస్తవాలు

"సంప్రదాయ పద్ధతిలో కట్టండి, ఏసీ ఖర్చు తగ్గుతుంది" అని డిజైన్ మీటింగుల్లో తరచూ అంటారు. మాట నిజమే. తీరా డ్రాయింగులు చూస్తే ఆ సంప్రదాయం కాస్తా ముందరి ఆర్చీల దగ్గరే ఆగిపోయి ఉంటుంది. నా చెవిన ఎక్కువగా పడే మాటలు ఇవి.

అపోహ: మందపాటి గోడ కడితే ఏ గదైనా చల్లగా ఉంటుంది.

వాస్తవం: మందపాటి మట్టి గోడ, రాతి గోడ వేడిని ఆలస్యం చేస్తాయి, అంతే. మధ్యాహ్నం పీల్చుకున్న వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. క్లాసురూములకు ఇది వరం, అప్పటికి తాళాలు వేసేసి ఉంటారు. రాత్రి గాలి ఆడేలా వెంటిలేటర్లు తెరిచి ఉంచితే పొద్దుటికి గోడ మళ్లీ చల్లారుతుంది. అదే గోడ హాస్టల్‌కి కడితే, సరిగ్గా పిల్లలు పడుకునే వేళకి గది కుంపటిలా ఉంటుంది. అక్కడ త్వరగా చల్లారే తేలికపాటి గోడలు, వాటి మీద నీడ, ఎదురెదురు కిటికీలు కావాలి. ఒకే క్యాంపస్‌లో రెండు రకాల గోడలా అని బడ్జెట్ చూసేవాళ్లు నొసలు చిట్లిస్తారు, చిట్లించనీ. పగటికీ రాత్రికీ వేడిలో పెద్ద తేడా లేని తీరప్రాంతాల్లోనైతే ఈ మందం వల్ల ఒరిగేది తక్కువ.

అపోహ: లోగిలి ఎంత పెద్దదైతే అంత చల్లదనం.

వాస్తవం: చుట్టూ ఉన్న గోడల ఎత్తు కంటే వెడల్పు బాగా ఎక్కువైతే లోగిలి నేల రోజంతా కాలుతూనే ఉంటుంది. విశాలమైన పచ్చిక చుట్టూ భవనాలు పేర్చే అలవాటు ఎండ కోసం మొహం వాచిన చలిదేశాలది. వేడి చోట భవనాలు దగ్గరదగ్గరగా ఉండి ఒకదానికొకటి నీడ ఇవ్వాలి. అబుధాబిలో మస్దర్ ఇన్‌స్టిట్యూట్ కోసం కట్టిన క్యాంపస్‌లో ఇరుకు వీధులు అందుకే.

అపోహ: గాలి బురుజు (పైన వీచే గాలిని పట్టి లోపలికి దించే ఎత్తైన గొట్టం లాంటి కట్టడం) ఎక్కడైనా చల్లబరుస్తుంది.

వాస్తవం: ఈ బురుజులకి పేరుపడ్డ ఇరాన్‌లోని యజ్ద్ ఎడారి ఊరు, అక్కడ గాలి పొడిగా ఉంటుంది. బురుజులోంచి దిగిన గాలి నీటి మీదుగా వెళితే, నీరు ఆవిరవుతూ ఆ గాలిలోని వేడిని లాక్కుంటుంది. గాలిలో ముందే తేమ నిండి ఉంటే నీరు ఆవిరవడమే కష్టం. అలాంటి చోట బురుజు గాలిని ఆడించగలదు కానీ పెద్దగా చల్లబరచలేదు.

అపోహ: జాలీ (చిల్లుల తెర) అందం కోసం.

వాస్తవం: జైపూర్‌లోని పెర్ల్ అకాడమీలో జాలీని గోడకి దాదాపు 4 అడుగుల దూరంలో నిలబెట్టారు. ఎండకి జాలీ కాలుతుంది, ఆ వేడి మధ్య సందులోంచి వెళ్లిపోతుంది. గోడకి అతికించిన జాలీ మాత్రం అలంకారమే.

అపోహ: ఇవన్నీ ఉంటే ఏసీ అక్కర్లేదు.

వాస్తవం: సర్వర్ గదులకీ కొన్ని ల్యాబులకీ కావాలి. ఏసీ అక్కడికే పరిమితమయ్యేలా వాటిని ఒకచోట చేర్చండి.

అపోహ: చూరు పెంచితే పడమటి ఎండ ఆగుతుంది.

వాస్తవం: సాయంత్రపు ఎండ కిందుగా వచ్చి చూరు కిందనుంచే దూరుతుంది. నేనైతే మెట్లు, టాయిలెట్లు, స్టోరు గదులు పడమటి వైపుకి నెట్టేస్తాను.