సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా స్వరలిపి మిగలాలంటే

2024 ఆగస్టులో ఫినాలే అభివృద్ధిని ఆపేస్తున్నామని మేక్‌మ్యూజిక్ కంపెనీ ప్రకటించింది. 1988 నుంచి ఉన్న, సంగీతాన్ని స్వరలిపిలో రాసుకునే సాఫ్ట్‌వేర్ అది. ఏళ్ల తరబడి అందులో రాసుకున్నవాళ్లకు ఒకటే టెన్షన్: పాత ఫైళ్లు ఇక ముందు తెరుచుకుంటాయా? మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకోమని కంపెనీయే చెప్పింది. వేర్వేరు ప్రోగ్రామ్‌ల మధ్య స్వరలిపిని మార్చుకోవడానికి వాడే ఫైలు ఫార్మాట్ అది. ఆ దారి ఊరికే పడలేదు.

1983లో వచ్చిన మిడి (ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) వాయిద్యాలను కలిపింది గానీ స్వరలిపిని మోయలేకపోయింది. పియానో మీద సీ షార్ప్ (సీ కంటే అర స్వరం ఎక్కువ), డీ ఫ్లాట్ (డీ కంటే అర స్వరం తక్కువ) రెండూ ఒకే నల్ల మెట్టు. నడి సీ పక్కనున్న ఆ మెట్టుకు మిడి ఇచ్చే నంబరు 61, అంతే. మోగడానికి అది చాలు. కాగితం మీద మాత్రం ఒకటి సీ స్థానంలో షార్ప్ గుర్తుతో, రెండోది డీ స్థానంలో ఫ్లాట్ గుర్తుతో ఉండాలి. చూసి పాడేవాళ్లకు ఆ తేడా ప్రాణం.

1995లో స్వరలిపి కోసం నిఫ్ అనే ఫార్మాట్ వచ్చింది, పెద్దగా నిలదొక్కుకోలేదు. 2000లో మైఖేల్ గుడ్ రికార్డేర్ కంపెనీ పెట్టి, మ్యూజ్‌డేటా, హమ్‌డ్రమ్ అనే పరిశోధన ఫార్మాట్ల ఆధారంగా మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్ తయారుచేశారు. 1.0 వెర్షన్ 2004లో వచ్చింది. ఇందులో సీ షార్ప్ అంటే "స్టెప్ సీ, ఆల్టర్ 1". డీ ఫ్లాట్ అంటే "స్టెప్ డీ, ఆల్టర్ -1". మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచినా కళ్లకు కనిపిస్తుంది. ఆయన ఫార్మాట్ రాసి వదిలేయలేదు, ఫినాలేకి అందులోంచి ఈ ఫార్మాట్‌లోకి ఫైళ్లు తీసే ప్లగిన్ కూడా చేసి ఇచ్చారు. నా దృష్టిలో అసలు మలుపు అదే. వాడుకలో ఉన్న ప్రోగ్రామ్‌లోంచి ఫైలు బయటికి రాకపోతే ఎంత మంచి ప్రమాణమైనా కాగితానికే పరిమితం.

2011లో రికార్డేర్ ఆస్తులను మేక్‌మ్యూజిక్ కొనుక్కుంది. అందరి ఫార్మాట్ ఒక్క పోటీదారు చేతిలో పడింది. 2015లో దాన్ని డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాల సంస్థ) కమ్యూనిటీ గ్రూపుకు అప్పగించడం ఎంతో మంచి పని. సంగీత గుర్తుల ఫాంట్లకు స్టైన్‌బర్గ్ మొదలుపెట్టిన స్మఫుల్ ప్రమాణం కూడా అక్కడికే చేరింది. మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్ 4.0 వెర్షన్ 2021లో వెలువడింది.

అయినా బాధ తీరలేదు. స్వరాలు భద్రంగానే దాటతాయి. స్లర్ (స్వరాలను కలిపే గీత) వంపు, అక్షరాల స్థానం, పేజీ అమరిక మాత్రం ఒక ప్రోగ్రామ్ రాసినట్టు మరొకటి చదవదు. వందల పేజీలున్నవాళ్లు ఒక్కో పేజీ కూర్చుని సరిదిద్దుకోవాల్సిందే. మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్ ఒకే విషయాన్ని రెండు మూడు రకాలుగా రాయనివ్వడం దీనికి ఒక కారణం. ఆ వెసులుబాటును తగ్గించాలనే అదే గ్రూపు జేసాన్ అనే డేటా రాసే పద్ధతి ఆధారంగా ఎమ్ఎన్ఎక్స్ అనే కొత్త ఫార్మాట్ తయారుచేస్తోంది.