పదివేల ముత్యాల పెళ్లి గౌను

చిరంజీవులైన మనవరాళ్లకు అమ్మమ్మ ఆశీస్సులు.

అక్క పెళ్లి జాకెట్టుకు మగ్గం పని చేయిస్తుంటే, ఎక్కడా ఖాళీ లేకుండా పూసలు నింపమని మీరిద్దరూ పట్టుబట్టారట. మీ అమ్మ ఫోనులో చెప్పగానే నాకు ఒక పెళ్లి గౌను గుర్తొచ్చింది.

1947 నవంబరు 20న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో తర్వాత బ్రిటన్ రాణి అయిన ఎలిజబెత్ యువరాణి పెళ్లి జరిగింది. ఆమె గౌనుకు రూపకల్పన చేసినవారు నార్మన్ హార్ట్‌నెల్. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్లయినా అక్కడ బట్టలకు ఇంకా రేషనే, కొనాలంటే కూపన్లు ఉండాల్సిందే. పెళ్లికూతురికి ప్రభుత్వం 200 కూపన్లు అదనంగా ఇచ్చింది. తమకే చాలని రోజుల్లో ఎందరో ఆడవాళ్లు తమ కూపన్లను ఆమెకు పంపారు. ఒకరివి మరొకరు వాడటం చట్టవిరుద్ధం కనుక వాటిని తిప్పి పంపేశారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు కరుగుతుంది.

దంతపు రంగు పట్టు, అమెరికా నుంచి తెప్పించిన 10,000 చిన్న ముత్యాలు, 350 మంది చేతులు, ఏడు వారాల పని. ఇంతా చేస్తే, గౌను చూసినప్పుడు ముందు కంటబడేవి ముత్యాలు కావు, పూలు! ఇటలీ చిత్రకారుడు బొత్తిచెల్లి వేసిన వసంత చిత్రం హార్ట్‌నెల్‌కు ప్రేరణ. గులాబీలు, మల్లెలు, గోధుమ వెన్నులు అల్లుకుంటూ పోతాయి. యుద్ధంలో నలిగిన దేశం మళ్లీ చిగురించాలన్న కోరిక అది. ఆ పెళ్లికి మన హైదరాబాదు నిజాం వజ్రాల హారం, కిరీటం కానుకగా ఇచ్చారు. నాకు మాత్రం వాటికన్నా ఆ గోధుమ వెన్నులే ఇష్టం.

గౌను వెనుక జీరాడే 13 అడుగుల భాగాన్ని గమనించండి. అది పల్చని జాలీ గుడ్డ. శాటిన్‌తో కత్తిరించిన పూలను దాని మీద పరిచి కుట్టి, అంచుల వెంట ముత్యాలు, స్ఫటికపు పూసలు వరుసగా పెట్టారు. కత్తిరించిన అంచు వాటి కింద దాగుతుంది, పువ్వు ఆకారం తేటగా తేలుతుంది. చుట్టూ జాలీని ఖాళీగా వదిలారు కనుకనే ఆ పూలు గాలిలో నిలిచినట్టుంటాయి. అంతటా పూసలు నింపి ఉంటే పువ్వేదో, గుడ్డేదో తెలిసేదా?

మగ్గం అతనితో నేనూ మాట్లాడతాను. చేతుల మీద మామిడి పిందెలకు అంచు పూసలు చాలు, మధ్యలో పట్టు కనిపించనివ్వమని చెబుతాను. జాకెట్టు రాగానే తిరగేసి, లోపలి ముడులు గట్టిగా ఉన్నాయో లేదో మీరే వేలితో తడిమి చూసి నాకు రాయండి.

మీ అమ్మమ్మ