చెంచాడు డీజిల్, అరవై గజాల రంగులు

మొన్న పాపికొండలు చూడ్డానికి వెళ్లినప్పుడు మా బోటు వెనకాల నీళ్ల మీద రంగులు తేలాయి. పక్కన కూర్చున్న ఏడో తరగతి పాప "ఇంద్రధనస్సు నీళ్లలో పడిందా అండీ?" అని అడిగింది. ఇంజన్ కింద చేరిన జిడ్డు నీళ్లను పంపు నదిలోకి తోడేస్తోంది. సరంగుతో అంటే, "ఏం కాదండి మాస్టారూ, కాస్త సబ్బు పొడి చల్లితే పోద్ది" అన్నాడు. పాప ప్రశ్న కంటే ఆయన జవాబే నన్ను ఎక్కువ పట్టుకుంది.

ముందు రంగుల సంగతి. డీజిల్ పొర పైతలం నుంచీ కిందితలం నుంచీ వెలుగు వెనక్కి వస్తుంది. పొర మందాన్ని బట్టి ఆ రెండూ కలిసి కొన్ని రంగుల్ని పెంచుతాయి, కొన్నిటిని చెరిపేస్తాయి. దానికి 0.3 మైక్రాన్ల మందం చాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు! ఆ లెక్కన 15 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద చెంచాడు డీజిల్, 50 చదరపు మీటర్లు పరుచుకుంటుంది. మన భాషలో 60 గజాలు. ఇంకా పలచబడి 0.04 మైక్రాన్ల వెండి జిలుగుగా మారితే, లీటరు డీజిల్ ఆరెకరాలు కప్పేస్తుంది. అంత పలచని పొరను నది మీంచి ఎవరు ఎత్తగలరు? పట్టుకుంటే బోటు లోపలే పట్టుకోవాలి.

పట్టుకునే ఉపాయం బూరుగు దూదిలో ఉంది. గిన్నెడు నీళ్లలో రెండు చుక్కల నూనె వేసి, దిండులోంచి తీసిన చిటికెడు బూరుగు దూది వదలండి. నూనె తాగుతుంది, నీళ్లు ముట్టదు. ఎందుకు? నీటి తలతన్యత, అంటే పైతలాన్ని లాగిపట్టే బిగువు, మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. డీజిల్‌ది 30 లోపే. బూరుగు పోగు లోపల బోలు, పైన మైనం పూత. మైనం ఉపరితల శక్తి (ద్రవాన్ని తన మీదికి లాక్కునే బలం అనుకోండి) కూడా 30 దరిదాపుల్లోనే. దానికంటే తక్కువ తలతన్యత ఉన్న ద్రవం పోగు మీద పరుచుకుని లోపలికి పాకుతుంది. ఎక్కువున్న నీరు బొట్టుగా ముడుచుకుని బయటే ఉండిపోతుంది. ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో ఈ జాతి దూదే కూరేవారు. ఇప్పుడు బోట్లలో నూనె పీల్చడానికి వాడే మేజోళ్లదీ, అంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పీచు కూరిన పొడుగు సంచులదీ, ఇదే సూత్రం. బడిలో తలతన్యత అంటే నీళ్ల మీద సూది తేల్చి, నిర్వచనం రాయించి వదిలేస్తాం. నాకు ఇప్పటికీ అది బాధే.

ఇప్పుడు సబ్బు. సబ్బు నీటి తలతన్యతను 30 దరిదాపులకు దించేస్తుంది. దాంతో నీటికీ డీజిల్‌కీ తేడా పోయి, పీచు నీళ్లు కూడా తాగేస్తుంది. అంటే ఉన్న ఒక్క ఆయుధమూ మొద్దుబారిపోయినట్టే. పైన తేలే డీజిల్ సన్నని బిందువులై నీళ్లలోకి దిగుతుంది. రంగు మాయమవుతుంది, డీజిల్ మాత్రం అక్కడే ఉంటుంది, చేప గుడ్లకు ఇంకాస్త దగ్గరగా. డీజిల్‌లోని బహువలయ హైడ్రోకార్బన్లనే విషపదార్థాలు చేప పిండాల గుండె సరిగా ఏర్పడకుండా చేస్తాయి. గోదారమ్మ అన్నీ కడుపులో దాచుకుంటుందని మనం దణ్ణం పెడతాం. నేనూ పెడతాను. కానీ ఆ కడుపులో పిల్లలున్నాయి.

స్పీడ్ బోట్ల పాత టూ-స్ట్రోక్ ఇంజన్లది ఇంకో గొడవ. కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారీ, పొగ బయటికి పోయే దారీ ఒకేసారి తెరుచుకుని ఉండే క్షణాలుంటాయి. ఇంధనంలో దాదాపు పావు వంతు కాలకుండానే నీళ్లలోకి పోతుంది. అమెరికాలోని టాహో సరస్సులో ఇలాంటి పాత కార్బురేటర్ టూ-స్ట్రోక్ బోట్లను 1999లో ఆపేశారు.

మా సరంగుకి చేయాల్సింది కొంచెమే. ఇంజన్ కింద ఒక ట్రే, బోటు అడుగున చేరే నీళ్లలో పీచు మేజోడు ఒకటి. నీటిమట్టం పెరగ్గానే పంపు తనంతట తాను తోడేస్తుంది కాబట్టి, మేజోడు పంపు దగ్గరే ఉండాలి, రోజూ చూసుకోవాలి. ఎండకు ఇంధనం ఉబ్బుతుంది, ట్యాంకు అంచు దాకా నింపకూడదు. నానిన మేజోడును నదిలో పారేయకుండా మూతున్న డబ్బాలో వేసి గట్టుకి తేవాలి.

ఇదంతా చెబితే ఆయన శ్రద్ధగా విని, "బూరుగు దూది మా ఇంటెనకే రాల్తదండి" అన్నాడు.