మెదడువాపు వైరస్‌కు తెల్ల ఎలుక ఎందుకంత తేలిగ్గా లొంగింది?

నీళ్లు నిలిచిన వరిమళ్లలో క్యూలెక్స్ దోమలు, గట్ల మీద కొంగలు, ఊరి చివర పందులు. మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌కు కావలసినవన్నీ గుంటూరు, విజయవాడల చుట్టూ కృష్ణా కాలువల కింద ఉన్నాయి. ఇప్పుడు బిడ్డ వెన్నునీటిలో ఐజీఎం ఎలైసా (కొత్తగా సోకిన వైరస్‌పై ఒళ్లు తయారుచేసే ప్రతిరక్షకాలను వెతికే పరీక్ష) చేస్తే జబ్బు తేలుతుంది. మన దేశంలో 1955లో వేలూరులో దీన్ని గుర్తించిన రోజుల్లో మాత్రం వైరస్‌ను పట్టాలంటే ప్రధానంగా తెల్ల ఎలుకే దిక్కు.

పుట్టి ఒకటి నుంచి మూడు రోజులైన ఎలుక పిల్లలు కావాలి. చనిపోయిన రోగి మెదడు ముక్కనో, దోమలనో నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేటను ఒక్కో ఎలుక పిల్ల మెదడులోకి 0.02 మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. మొదటి 24 గంటల్లో చచ్చినవి లెక్కలోకి రావు, అవి సూది గాయానికి పోయినవి. ఆ తర్వాత పాలు మానేసి వణికే పిల్లను వెంటనే తీయాలి. ఆలస్యమైతే తల్లే తినేస్తుంది, పడ్డ శ్రమంతా పోయినట్టే. జబ్బు కనిపించకపోతే ఆ మెదళ్లనే నూరి ఇంకో ఈత ఎలుక పిల్లలకు ఎక్కించి చూస్తారు. అసలు బోల్తా ఇక్కడే, ఎలుకల్లో ముందే దాగున్న వైరస్ ఒక్కోసారి బయటపడుతుంది. అందుకే దొరికినదాన్ని ఏ వైరస్‌ను అణుస్తుందో ముందే తెలిసిన సీరంతో అణిచి చూసి గానీ పేరు పెట్టరు.

వ్యాక్సిన్ కూడా ఆ మెదడులోంచే వచ్చింది. 1935 నాటి నకయామా అనే వైరస్ రకాన్ని ఎలుక మెదడులో పెంచి, ఫార్మలిన్‌తో చంపి, మూడు డోసులు వేసేవారు. మన దగ్గర హిమాచల్‌లోని కసౌలీలో తయారైంది. మెదడు కణజాలం మిగిలితే మన నరాల మీదకే రోగనిరోధక వ్యవస్థ తిరగబడుతుందన్న భయం ఎప్పుడూ ఉండేది. గొర్రె మెదడుతో చేసిన, బొడ్డు చుట్టూ పొడిచే కుక్కకాటు ఇంజెక్షన్లదీ ఇదే తంటా. 2006లో దేశంలో ఎలుక మెదడు అక్కర్లేని ఎస్ఏ 14-14-2 అనే టీకా మొదలైంది. దాన్ని హామ్‌స్టర్ కిడ్నీ కణాల్లో పెంచుతారు.

ఇంతకీ తెల్ల ఎలుక ఎందుకు లొంగింది? పోలియో చుక్కల సేబిన్ 1952లోనే ఇదే కుటుంబానికి చెందిన ఎల్లో ఫీవర్ వైరస్‌తో, కొన్ని ఎలుకల్లో ఒక్క జన్యువే రక్షణ ఇస్తోందని చూపాడు. అది ఓఏఎస్1బి అనే జన్యువని 2002లో తేలింది. ల్యాబ్‌ల్లో రోజూ వాడే సి57బిఎల్/6, బాల్బ్/సి అనే రకాల ఎలుకల్లో ఆ జన్యువు మధ్యలోనే తెగిపోయింది, బయట తిరిగే చిట్టెలుకల్లో చాలావాటికి నిక్షేపంగా ఉంది. అంటే దశాబ్దాలు మనకు పనికొచ్చింది ఆ ఎలుక లోపమే. వైరస్ సోకిన మనుషుల్లో సుమారు 250 మందిలో ఒక్కరికే జబ్బు ముదురుతుంది కాబట్టి, ఈ ఎలుకల చావుల లెక్కను నేరుగా మన పిల్లలకు అంటగట్టలేం. ఎలుకల్లో ఆ జన్యువు పాత్ర ఎంతో తేల్చడానికి మాత్రం, సి3హెచ్ అనే మరో ల్యాబ్ రకంలో తెగని జన్యువున్న వరుసను విడిగా పెంచి, మామూలు సి3హెచ్ పక్కన పెట్టి, ఒకే డోసు ఎక్కించి చూస్తారు.